ఫిషింగ్ హార్బర్‌లో ఒక గోడ కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ విశాఖ పేజీలో వన్‌టౌన్ పాత కట్టడాల మీద వ్యాసం వచ్చింది. దాంతో పాటు వేసిన ఫొటోలో కుడివైపు, కరెంటు తీగల వెనకాల, సగం వెలిసిపోయిన కిరాణా కొట్టు బోర్డు ఒకటి ఉంది చూడండి. అది నేను రాసిందే, 1989లో. 'స్టోర్స్'లో మొదటి అక్షరం కింద ట వత్తు కాస్త లావుగా పడింది. ఆ రోజు ఒళ్లు వెచ్చగా ఉండి చెయ్యి నిలవలేదు. ఇన్నేళ్ల తరవాత ఆ తప్పు పేపర్లోకెక్కింది.

వ్యాసం బాగుంది. గోడలు నెర్రెలిచ్చాయనీ, సందుల్లో రావిమొక్కలు మొలిచాయనీ, పట్టించుకునే నాథుడు లేడనీ రాశారు. అన్నీ నిజమే. కానీ ఆ ఇళ్లల్లో ఎవరుండేవాళ్లు? వ్యాసం మొత్తం మీద ఒక్క మనిషి పేరు లేదు. తప్పు పట్టడానికి అనడం లేదు. ఈ మధ్య నేను దూరదేశంలో ఒక చోట నేల నుంచి పైకప్పు దాకా పేర్లతో నిండిన గోడలు చూసొచ్చాను. అప్పట్నుంచి పేరు లేని గోడ కనబడితే మనసు ఊరుకోవడం లేదు. అందుకే ఈ ఉత్తరం. పొడుగవుతుంది. కత్తిరించాల్సి వస్తే మధ్యలో ఎక్కడైనా కత్తిరించండి, చివర అడిగినది మాత్రం ఉంచండి.

ముందు నా సంగతి రెండు ముక్కలు. కురుపాం మార్కెట్ దగ్గర ఇరుకు గదిలో నలభై ఏళ్లుగా బోర్డులు రాస్తున్నాను. షాపులు, లారీల వెనక 'హారన్ ప్లీజ్', ఎన్నికలొస్తే గోడలు. అన్నిటికన్నా ఇష్టమైన పని ఫిషింగ్ హార్బర్‌లో బోట్లది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం కదా, ఆ రోజుల్లోనే బోట్లు ఒడ్డెక్కించి చెక్క బాగు చేసి రంగులేస్తారు. చివర్న పేరు రాయడానికి నన్ను పిలుస్తారు. ఫ్లెక్సీలొచ్చి షాపుల పని పట్టుకుపోయాయి. ఊళ్లో మిగిలి ఉన్న నా రేకు బోర్డుల్లో సగం 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానులో ఎగిరిపోయాయి. ఒకటి మూడు వీధుల అవతల దొరికిందని తెచ్చి ఇచ్చారు, ఇంట్లో బియ్యం డబ్బా మీద మూతగా ఉంది.

మా అబ్బాయి ప్రాగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. చెక్ దేశానికి రాజధాని. ఈ మే నెలలో నన్నూ మా ఆవిడనూ తీసుకెళ్లాడు. కోట చూశాం, పెద్ద వంతెన చూశాం, ఫొటోలు దిగాం. అవి అందరూ చూసేవే. మూడో రోజు రాత్రి అన్నాలు తింటుంటే కోడలు అంది, "మావయ్యగారూ, మీరు చూడాల్సింది ఇక్కడ ఒకటుంది. ఒక గుళ్లో గోడల మీద వేలకి వేల పేర్లు కుంచెతో చేత్తో రాశారు." నేను నమ్మలేదు. స్టెన్సిల్ అయ్యుంటుంది అన్నాను.

వెళ్లింది యూదుల పాతపేటకి. దాని పేరు యోసెఫోవ్. యూదుల మీద ఉన్న ఆంక్షలు కొన్ని సడలించిన రెండో జోసెఫ్ చక్రవర్తి పేరు మీద పెట్టారు. మొదట శనివారం వెళ్లాం, తలుపులన్నీ మూసి ఉన్నాయి. శనివారం వాళ్లకి విశ్రాంతి దినం. మా పక్కింటి వాళ్లు చర్చికి వెళ్తారు, వాళ్ల బైబిల్లో చదివిన సంగతే ఇది, తట్టలేదు. ఆ బైబిల్లో 'సమాజమందిరం' అని ఉంటుంది చూడండి, సినగాగ్ అంటే అదే, యూదుల ప్రార్థన మందిరం. మర్నాడు మళ్లీ వెళ్లాం. టికెట్టు మన డబ్బుల్లో ఎంతో అబ్బాయి చెప్పగానే మా ఆవిడ "నేను బయట కూర్చుంటాలే" అంది. లాక్కెళ్లాం.

పాతపేట అంటే మన వన్‌టౌన్‌లా ఇరుకు సందులుంటాయనుకున్నా. కాదు, వెడల్పాటి రోడ్డు, రెండు పక్కలా ఖరీదైన బట్టల షాపులు, వాచీల షాపులు. 1893లో చట్టం చేసి, మురికి, రోగాలు అని చెప్పి పేటలో చాలా భాగం పడగొట్టేశారట. ఇరవై ఏళ్లలో సందులన్నీ పోయి ఈ రోడ్డు వచ్చింది. ఆరు సినగాగ్‌లు, పాత శ్మశానం, యూదుల టౌన్‌హాల్ మిగిలాయి. ఆ టౌన్‌హాల్ మీద రెండు గడియారాలున్నాయి. కింది దాని మీద హీబ్రూ అక్షరాలు, ముల్లు వెనక్కి తిరుగుతుంది. హీబ్రూ కుడి నుంచి ఎడమకి రాస్తారు కదా, గడియారమూ అంతే. నేను ఉర్దూ బోర్డులు కొన్ని రాశాను, కాగితం మీద ఎవరో రాసిస్తే చూసి దించేవాణ్ణి. కుడి నుంచి మొదలెడితే చెయ్యి తడి పెయింట్ మీద పడకుండా ఎడమ పక్కకి జరుపుకోవడం ఎంత అవస్థో నాకు తెలుసు. ఆ గడియారం కింద నిలబడి ఆ మాటే చెప్తుంటే మా మనవరాలు "తాతా, టైం ఎంతయిందో చెప్పు" అంది. చెప్పలేకపోయాను.

అన్నిటికన్నా పాతది 'పాత-కొత్త సినగాగ్'. పేరే అది. కట్టినప్పుడు కొత్తది, తరవాత ఇంకా కొత్తవి వచ్చేసరికి పాత-కొత్తది అయింది. మన ఊళ్లో న్యూ కాలనీకి కూడా ముసలితనం వచ్చినా పేరు మారలేదు, వాళ్లు నయం. 1270 ప్రాంతంలో కట్టారు. ఐరోపాలో ఇవాళ్టికీ ప్రార్థనలు జరుగుతున్న సినగాగ్‌లలో ఇంతకన్నా పాతది లేదు. గుమ్మం దగ్గర మగవాళ్ల నెత్తికి చిన్న టోపీ ఇస్తారు. మెట్లెక్కడం కాదు, దిగాలి. లోపల చీకటి, చల్లదనం, మధ్యలో రెండు రాతి స్తంభాలు. పైకప్పు కమానుల్లో మామూలుగా నాలుగు బద్దెలుంటే ఇక్కడ ఐదు. నాలుగైతే సిలువలా కనబడుతుందని ఐదోది చేర్చారని అంటారు. ఆడవాళ్లు పక్కగదిలో కూర్చుని మందపాటి గోడలో సన్నటి కంతల్లోంచి వినాలి. మా ఆవిడ ఒక కంతలోంచి తొంగి చూసి "వంటింట్లోంచి హరికథ విన్నట్టే" అంది.

దాని అటక మీద మట్టి మనిషి ఉన్నాడని కథ. పదహారో శతాబ్దంలో రబ్బీ లోవ్ అనే మహా పండితుడు (రబ్బీ అంటే వాళ్ల మతగురువు) నది ఒడ్డు బంకమట్టితో బొమ్మ చేసి తమ వాళ్లకి కాపలాగా ప్రాణం పోశాడట. గోలెం అంటారు. నలుగుపిండితో వినాయకుణ్ణి చేసిన కథ తెలిసిన మనకి ఇందులో వింతేం లేదు. నన్ను ఆపింది ఇంకో ముక్క. ఆ బొమ్మ నుదుటి మీద హీబ్రూలో 'సత్యం' అన్న మాట రాశారట. అందులో మొదటి అక్షరం ఒక్కటి చెరిపితే 'చావు' అన్న మాట మిగులుతుంది. అలాగే బొమ్మని ఆపేశారట. అక్షరం రాసి బతికేవాడికి ఇంతకన్నా మంచి కథ ఏముంటుంది?

1389లో వాళ్ల పస్కా పండగ రోజుల్లో ఈ పేట మీద దాడి జరిగి జనాన్ని ఊచకోత కోశారు. ఆ ఘోరం మీద అవిగ్దోర్ కారా అనే రబ్బీ విలాపగీతం రాశాడు. వాళ్ల ప్రాయశ్చిత్త దినాన ఇప్పటికీ ఆ సినగాగ్‌లో చదువుతారు. ఆయన సమాధి పక్కనే పాత శ్మశానంలో ఉంది. 1439 నాటిది, అక్కడున్న రాళ్లలో అదే మొదటిది.

ఆ శ్మశానం గురించి ఎలా చెప్పాలి? మా ఇంటి దగ్గర చావులమదుం ఉంది, శవయాత్రలు సాగే వంతెన. చిన్నప్పటి నుంచీ దాని కింద నుంచే బడికి వెళ్లాను, శవయాత్రలంటే భయం లేదు. కానీ ఇక్కడ కాళ్లు ఆగిపోయాయి. చిన్న స్థలం. అందులో దాదాపు 12,000 రాళ్లు, ఒకదాని మీద ఒకటి వాలి, రద్దీ బస్సులో నిలబడ్డ జనంలా ఉన్నాయి. మూడు వందల ఏళ్ల పైన వాళ్లకి పాతిపెట్టుకోవడానికి వేరే చోటు ఇవ్వలేదు. సమాధి తవ్వి తియ్యడం వాళ్ల ధర్మానికి విరుద్ధం. అందుకని పైన మట్టి పోసి ఇంకో వరుస, దాని పైన మళ్లీ మట్టి, మళ్లీ వరుస. కొన్ని చోట్ల పన్నెండు పొరలున్నాయని చెప్పారు. కింది వాళ్ల రాళ్లని కింద వదిలెయ్యకుండా పైకి తెచ్చి నిలబెట్టారు. అందుకే అంత కిక్కిరిసి ఉంది. మనిషి పన్నెండు అడుగుల లోతున ఉన్నా పేరు మాత్రం పైన ఉండాలి! 1787లో ఊరి మధ్య పాతిపెట్టడం ఆపించేదాకా ఇలాగే జరిగింది.

రాళ్ల మీద చెక్కిన బొమ్మలు చూడాలి. పూజారుల వంశం వాళ్లకి దీవించే రెండు చేతులు, ఆ పూజారులకి సాయం చేసే లేవీయుల వంశానికి నీళ్ల చెంబు, దర్జీకి కత్తెర. పేరుని బట్టి కూడా బొమ్మ. లోవ్ అంటే సింహం, హిర్ష్ అంటే లేడి. దావిద్ గాన్స్ అని చరిత్రకారుడు, ఖగోళం చదివినవాడు, 1613లో పోయాడు. గాన్స్ అంటే బాతు, ఆయన రాయి మీద బాతు ఉంది. మన బోట్ల వాళ్లు కూడా అంతే, పేరు పక్కన నెమలి, చేప, సింహం ఏదో ఒకటి వెయ్యమంటారు. బోటు నడిపే సరంగు ఒకడు తన ఇంటిపేరుకి తగ్గట్టు కొంగ వెయ్యమన్నాడు. వేస్తే బాతులా వచ్చింది, ఏమీ అనలేదు పాపం.

సమాధుల మీద వాళ్లు పువ్వులు పెట్టరు, గులకరాళ్లు పెడతారు. 1609లో పోయిన ఆ రబ్బీ లోవ్ సమాధి మీద రాళ్లు, వాటి కింద మడిచిన చీటీలు. మొక్కులు రాసిన చీటీలట. మా ఆవిడ ఏం కోరుకుందో చెప్పలేదు. చీటీ లేదు గానీ దారి పక్క నుంచి రాయి ఏరి పెట్టింది. బయటికొచ్చాక కొళాయి కోసం వెతికింది. పక్కనే దహనవాటిక ఆఫీసులాంటి కట్టడం ఉంది, నిజానికి అంత్యక్రియల సంఘం వాళ్లది. 1564లో పెట్టిన సంఘం. అక్కడ పద్దెనిమిదో శతాబ్దంలో ఆ సంఘం వాళ్లు వేయించుకున్న రంగుల పటాలున్నాయి. రోగి మంచం పక్కన ప్రార్థన, శవానికి స్నానం, శవానికి తొడిగే బట్ట కుట్టడం, మోసుకెళ్లడం. ఒక పటంలో శ్మశానం నుంచి బయటికొస్తూ అందరూ చేతులు కడుక్కుంటున్నారు. అది చూపించి "చూశావా, నేను చెప్పలా" అంది. పటం వేసిన మనిషి ముఖాలన్నీ ఒక్కలాగే వేశాడు, నల్ల అంగీల మడతలు మాత్రం శ్రద్ధగా దిద్దాడు. ముఖాలు రానివాళ్లం అందరం అదే చేస్తాం.

స్పానిష్ సినగాగ్ 1868 నాటిది. పేరుకి స్పానిష్, చూడ్డానికి మసీదు లోపల ఉన్నట్టుంటుంది. నేల నుంచి గుమ్మటం దాకా ఎరుపు, ఆకుపచ్చ, నీలం, వాటి మీద బంగారు రంగు, ఒక్క మనిషి బొమ్మ లేదు, అంతా ముగ్గు. మెడ నొప్పెట్టేదాకా చూశాను. బయట కాఫ్కా అనే రచయిత విగ్రహం, తల లేని కోటు భుజాల మీద ఎక్కి కూర్చున్నట్టు. ఎందుకలా ఉందో మా అబ్బాయి చెప్పబోయాడు, నాకు ఆకలేస్తోంది.

ఇక పింకస్ సినగాగ్. 1535లో కట్టింది. కోడలు చెప్పిన పేర్ల గోడలు ఇవే.

లోపలికి అడుగు పెట్టగానే అక్షరాలు కనబడవు. గోడకి సన్నటి చాప అతికించారేమో అనిపిస్తుంది. దగ్గరికెళ్తే అప్పుడు తెలుస్తుంది. ఇంటిపేరు ఎరుపు. తరవాత మనిషి పేరు, పుట్టిన తేదీ, చివరి తేదీ నలుపు. ఒక మనిషి అయిపోతే కొత్త వరుసకి వెళ్లలేదు, వెంటనే ఇంకో మనిషి. ఊరి వారీగా, కుటుంబం వారీగా. హిట్లర్ సైన్యం ఆక్రమించిన బొహీమియా, మొరావియా ప్రాంతాల నుంచి, అంటే ఇప్పటి చెక్ దేశం నుంచి, పట్టుకెళ్లి చంపేసిన యూదులు వీళ్లు. దాదాపు 78,000 మంది. చాలామందికి చివరి తేదీ అంటే చనిపోయిన రోజు కాదు, రైలెక్కించిన రోజు. ఆ తరవాత వాళ్ల కబురు లేదు.

నేను గోడకి జానెడు దూరంలో నిలబడి చూశాను. స్టెన్సిల్ కాదు. చేతిరాతే. ఒకే అక్షరం రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది, ఒక చోట కుంచె నిండుగా ఉండి లావుగా మొదలై, అదే వరుస చివరికి సన్నబడింది, మళ్లీ ముంచుకున్నాడు. పని చేసే చెయ్యి అక్కడ తెలుస్తుంది. వాత్స్లవ్ బోష్టీక్, యిరి యాన్ అని ఇద్దరు చిత్రకారులు, 1954 నుంచి 1959 దాకా రాశారు. నాకు పాత అలవాటు, లెక్క వేశాను. ఇద్దరే చేశారనుకుంటే, ఆదివారాలు తీసేస్తే, ఒక్కొక్కరికి రోజుకి పాతిక పేర్లు. పాతికేనా అంటారు మీరు. ఒక పేరంటే రెండు రంగులు, రెండు తేదీలు, తప్పు పోకూడదు, వరుస వంగకూడదు, ఐదేళ్లు. నేను ఎన్నికల్లో ఒక రోజుకి నలభై గోడలు రాసినవాణ్ణి. ఈ పని నా వల్ల కాదు. వేగం సంగతి కాదు, పుట్టిన తేదీ రాస్తున్నప్పుడు వయసు లెక్క వెయ్యకుండా ఉండలేను. ఒక చోట వేశాను, మూడేళ్లు వచ్చింది. ఇంక వెయ్యలేదు.

అసలు సంగతి ఇది కూడా కాదు. ఆ పేర్లు ఒకసారి పోయాయి. భూమిలోంచి చెమ్మ ఎక్కి గోడలు పాడవుతుంటే 1968లో మూసేశారు. చెమ్మ అంటే ఏంటో వైజాగ్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. గోడకి ఉప్పు ఊరిందంటే ఎంత మంచి పెయింటైనా పొరలు పొరలుగా లేస్తుంది, గోకితే పిండిలా రాలుతుంది. మూసింది బాగు చెయ్యడానికి. కానీ అప్పటి కమ్యూనిస్టు ప్రభుత్వానికి వాళ్ల పేర్ల మీద అక్కర లేదు, ఏళ్ల తరబడి తెరవలేదు. మధ్యలో పాత పూత గీకేశారు, దాంతో పేర్లన్నీ పోయాయి. ఆ ప్రభుత్వం పోయాక, 1992 నుంచి 1996 దాకా కూర్చుని మొత్తం మళ్లీ రాశారు. మొదటి పేరు నుంచి. 2002 ఆగస్టులో నదికి వరదొచ్చి కింది వరుసలు మళ్లీ తడిశాయి. వాటినీ బాగు చేసుకున్నారు.

గోడ కింది భాగం వేలితో చూపించి మా అబ్బాయి ఈ సంగతి చెప్తున్నప్పుడు నేను అక్కడ బెంచీ మీద కూర్చుండిపోయాను. మా ఆవిడ బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగింది.

మేడ మీద పిల్లల బొమ్మలున్నాయి. ప్రాగ్‌కి 60 కిలోమీటర్ల దూరంలో టెరెజిన్ అనే కోట ఊళ్లో యూదుల్ని బంధించారు. ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి తనూ అక్కడ ఖైదీయే, పిల్లలకి బొమ్మలు నేర్పింది. కాగితాలు దొరక్క ఆఫీసు ఫారాల వెనక వేయించింది. సీతాకోకచిలుకలు, ఇల్లు, వంట చేస్తున్న అమ్మ. ఒక దాంట్లో మంచాలు అంతస్తులుగా ఉన్నాయి. చాలా వాటి మీద పిల్లల పేర్లున్నాయి. 1944 అక్టోబర్‌లో ఆమెని ఆష్విట్జ్ అనే చావు శిబిరానికి పంపి చంపేశారు. పిల్లల్లో ఎక్కువ మంది కూడా తిరిగి రాలేదు. వెళ్లే ముందు ఆమె దాచిపెట్టిన రెండు సూట్‌కేసుల్లో 4,500 దాకా బొమ్మలు దొరికాయి. మా మనవరాలు ఒక బొమ్మ ముందు నిలబడి "ఈ పిల్ల నాకన్నా బాగా వేసింది" అంది. దాని వయసు ఎనిమిది.

తిరిగొస్తుంటే ఒక మామూలు ఇంటి గుమ్మం ముందు పేవ్‌మెంటు రాళ్ల మధ్య ఇత్తడి బిళ్ల మెరిసింది, అరచేయంత. 'ఇక్కడ నివసించారు' అని మొదలెట్టి పేరు, పుట్టిన ఏడు, తీసుకెళ్లిన ఏడు. గుంటర్ డెమ్‌నిగ్ అనే జర్మన్ కళాకారుడు మొదలుపెట్టిన పని, ఐరోపా అంతటా వేశారు. ఒక్కొక్క అక్షరం సుత్తితో కొట్టి దించుతారు. మిషన్‌తో చెయ్యొచ్చు, చెయ్యరు. కాళ్ల కింద పడితే అవమానం కాదా అంది మా ఆవిడ. చదవాలంటే తల వంచాలి కదా అన్నాడు అబ్బాయి. ఇద్దరిదీ నిజమే.

మనకి యూదులెవరు, వాళ్ల గొడవ మనకెందుకు అని మీ పాఠకులు అడగొచ్చు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు. కేరళ రాష్ట్రం కొచ్చిలో 1568 నాటి సినగాగ్ ఉంది, ప్రాగ్‌లో కూడా అదే ఏడాది కట్టినది ఒకటుంది. కానీ నేను ఈ ఉత్తరం రాస్తున్నది చుట్టరికం చూపించడానికి కాదు.

హార్బర్‌లో నేను పేరు రాసిన బోటు ఒకటి, చాలా ఏళ్ల కిందట, నవంబర్‌లో వేటకెళ్లి తిరిగి రాలేదు. సరంగుతో కలిపి ఏడుగురు. బోటు పేరు ఇక్కడ రాయను, ఆ ఇళ్ల వాళ్లు పేపర్ చదువుతారు. ఓనరు కూతురి పేరు అది. నీలం మీద పసుపు అక్షరాలు, ఎర్ర నీడ. చివరి అక్షరం దీర్ఘం ముందుకి సాగదీసి దాని మీద చిన్న చేప వేశాను. అక్షరం అక్షరం నాకు కళ్లకి కట్టినట్టుంది. ఆ ఏడుగురి పేర్లు నాకు తెలియవు. ఇద్దరు నాకు టీ పోసినవాళ్లు. ఒకడు నిచ్చెన పట్టుకున్నాడు, "ఆర్టిస్టు గారూ, నా పేరు కూడా ఓ మూల రాసెయ్యండి" అని నవ్వాడు. నేను రాయలేదు, పేరడగలేదు కూడా.

పోలిక పెట్టడం లేదు. అక్కడ మనుషుల్ని మనుషులు జాబితా రాసి మరీ చంపారు, ఇక్కడ సముద్రం. రెండూ ఒకటి కాదు, ఒకటన్నవాడికి రెండూ తెలియవు. కానీ పేరు పోవడం మాత్రం ఒక్కలాగే ఉంటుంది. తుపాను వచ్చినప్పుడు పేపర్లో 'ఏడుగురు మత్స్యకారులు గల్లంతు' అని వస్తుంది, పక్క రోజు పేర్లొస్తాయి, మూడో రోజు ఆ పేపర్లో పకోడీలు కడతారు. మీ పత్రికని అనడం లేదు, అన్నీ అంతే. బీచ్ రోడ్డులో 1971 యుద్ధానికి స్మారకం ఉంది, ఉండాల్సిందే. హార్బర్‌లో మాత్రం వేటకెళ్లి రానివాళ్ల పేర్లున్న గోడ నేను పని చేసిన ఇన్నేళ్లలో చూడలేదు. ఒకప్పుడు ఒక ఆఫీసులో అడిగాను. అర్జీ పెట్టమన్నారు, పెట్టాను. "ఫ్లెక్సీ వేయిద్దాం లెండి, ఫొటోలతో బాగుంటుంది" అన్నారు. ఫ్లెక్సీ మన ఎండకి ఆర్నెల్లు. అది కూడా వెయ్యలేదనుకోండి.

కాబట్టి మీ ద్వారా అడుగుతున్నాను. హార్బర్‌లో ఒక గోడ ఇప్పించండి. రాతి స్మారకం, శంకుస్థాపన, రిబ్బన్ అక్కర్లేదు. ఉన్న గోడ చాలు. జాలరిపేటలో, పెద్దలున్న ప్రతి పేటలో అడిగితే పేర్లు వస్తాయి. ఇళ్లల్లో ఆడవాళ్లకి తేదీలతో సహా గుర్తుంటాయి, మనం అడగం గానీ. పేర్లు సేకరించడానికి మీ విలేకరి ఒకరు వస్తే నాకు భాష సరిచూసుకోవడం సులువవుతుంది. ఇంటిపేర్లలో తప్పులు పోతే మళ్లీ చెరపడం కష్టం.

రాసేది నేను. వయసు అరవై ఏడు, చెయ్యి ఇంకా వణకడం లేదు. వచ్చే ఏప్రిల్ 15న బోట్లు ఆగుతాయి, అందరూ ఒడ్డు మీదుంటారు, అప్పుడు మొదలెడితే మంచిది. పక్కన నిలబడి చదివి సరి చేసేవాళ్లు కావాలి. ఒక కుర్రాణ్ణి కూడా ఇవ్వండి, నేర్పుతాను. పేర్లు చెరిగిపోతే మళ్లీ రాయడానికి నా తరవాత ఒకడుండాలి.

గోడ పడమటి ముఖంగా ఉంటే మేలు. సముద్రం వైపు ముఖమైతే ఉప్పుగాలికి ఎనామెల్ రెండేళ్లలో పొక్కులొస్తుంది. కొత్త సిమెంటు పూత వద్దు, ఒక వానాకాలం తడిసి ఆరినదైతే పెయింట్ పట్టుకుంటుంది. మొదటికి పదడుగుల పొడుగు చాలు. పెయింట్, కుంచెలు నావి. పేరు చెప్పేవాళ్లని ఇంటిపేరుతో సహా చెప్పమనండి. ఇంటిపేర్లు ఎరుపులో రాస్తాను.

ఇట్లు,
ఒక బోర్డు ఆర్టిస్టు,
కురుపాం మార్కెట్ దగ్గర, వన్‌టౌన్,
విశాఖపట్నం.